లారీ మీద తిరిగేవాళ్ళకు దూరవిద్యలో ఆటో ఎలక్ట్రికల్ కోర్సు కుదురుతుందా?

అన్నలకు, అక్కలకు నమస్కారం. నేను విజయవాడ ఆటోనగర్ నుంచి గౌహతి వైపు లోడు వేసే లారీ డ్రైవర్‌ని. పది పాసయ్యాను. మోకాళ్ళు అరగకముందే స్టీరింగ్ వదిలి, సొంతంగా ఆటో ఎలక్ట్రికల్ షాపు పెట్టుకోవాలని ఉంది. వైరింగ్, సెల్ఫ్ మోటార్, ఆల్టర్నేటర్ పనులు దారిలో చేసుకుంటూనే కొంత వచ్చాయి. చేతిలో కాగితం మాత్రం లేదు.

ఐటీఐలో చేరితే రోజూ హాజరు కావాలి. ఆ మాటంటే మా ఓనరు లారీ తాళాలు ఇంకొకరికి ఇచ్చేస్తాడు! అందుకే ఎన్‌ఐఓఎస్ (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్) వొకేషనల్ కోర్సుల గురించి ఆలోచిస్తున్నాను. థియరీ ఢాబా దగ్గర మంచం మీద పడుకుని ఫోన్లో చదువుకోవచ్చు. టెన్షన్ అంతా ప్రాక్టికల్స్ గురించే. స్టడీ సెంటర్‌కి వెళ్ళి చేతులతో చేయాల్సిందే కదా. సరిగ్గా ఆ తేదీల్లో నేను ఏ ఒడిశాలోనో, బెంగాల్లోనో ఉంటాను.

ప్రాక్టికల్ క్లాసులన్నీ ఒకేసారి, రెండు మూడు వారాల్లో పెట్టే సెంటర్లు ఆంధ్రాలో గానీ తెలంగాణలో గానీ ఉన్నాయా? పరీక్ష తప్పితే మళ్ళీ ఫీజు మొత్తం కట్టాలా? వచ్చిన పనినే పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి నాలాంటివాడికి నయమా? ముద్రా లోన్ అడిగినప్పుడు బ్యాంకువాళ్ళు ఏ సర్టిఫికెట్‌కి విలువ ఇస్తారు?

డ్రైవింగ్ చేస్తూనో, ఓడల్లో పనిచేస్తూనో ఇలా చదివినవాళ్ళుంటే చెప్పండి. సిగ్నల్ దొరికినప్పుడు జవాబిస్తాను, ఆలస్యమైతే ఏమీ అనుకోకండి.