పీటీఎస్‌డీలో హిప్పోకాంపస్ 8 శాతం తగ్గుతుందంటారు. ఎమ్మారైలో తెలుస్తుందా?

శారద_కౌన్సెలింగ్:
పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత వెంటాడే మానసిక జబ్బు) వస్తే మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ 8 శాతం కుంచించుకుపోతుందని చాలాచోట్ల రాస్తున్నారు. అది చదివిన కుటుంబాలు ఎమ్మారై తీయిస్తే జబ్బు తేలుతుందా, తగ్గింది మళ్లీ పెరుగుతుందా అని అడుగుతున్నాయి. కౌన్సెలర్ల కోసం వేసే కరపత్రంలో దీన్ని ఎలా రాస్తే సరిగ్గా ఉంటుంది?

మూర్తి_న్యూరో:
శారద గారూ, ఆ అంకె 1995 నాటిది. అమెరికాలో బ్రెమ్నర్ బృందం పీటీఎస్‌డీ ఉన్న 26 మంది వియత్నాం మాజీ సైనికులను, అది లేని 22 మందితో పోల్చింది. కుడి హిప్పోకాంపస్ సగటున 8 శాతం చిన్నదిగా కనిపించింది. అయితే ఒకే మనిషిని యుద్ధానికి ముందు, తర్వాత కొలిచిన లెక్క కాదిది. 'చిన్నదిగా ఉంది' అనొచ్చు గానీ 'కుంచించుకుపోయింది' అనడానికి అది చాలదు.

2002లో గిల్బర్ట్‌సన్ బృందం ఒకే పోలిక కవలలను తీసుకుంది. ఒకరు యుద్ధానికి వెళ్లారు, ఇంకొకరు వెళ్లలేదు. వెళ్లినవారికి తీవ్రమైన పీటీఎస్‌డీ ఉన్న జంటల్లో, యుద్ధం చూడని సోదరుడి హిప్పోకాంపస్ కూడా చిన్నదే! అంటే ఆ తేడాలో కొంతైనా ముందునుంచే ఉండి, జబ్బుకు అవకాశం పెంచి ఉండొచ్చు. అలాగని అంతా పుట్టుకతోనే అనేయకండి. ఇదే తరహాలో 2008లో చేసిన కవలల అధ్యయనంలో, మెదడులో భావోద్వేగాల అదుపుకు తోడ్పడే యాంటీరియర్ సింగ్యులేట్ ముందు భాగంలో తగ్గుదల జబ్బుపడిన సోదరుడిలోనే కనిపించింది.

ఇక అసలు పరిమాణం: 2018లో 16 కేంద్రాల నుంచి 1,868 మంది స్కాన్లు కలిపి చూస్తే హిప్పోకాంపస్ తేడా నిజమే గానీ చాలా చిన్నది, డి విలువ (రెండు గుంపుల సగటుల మధ్య తేడా ఎంతో చెప్పే కొలమానం) 0.17. లెక్కేస్తే, రోగుల సగటు కంటే పెద్ద హిప్పోకాంపస్ ఉన్నవాళ్లు జబ్బులేని ప్రతి 100 మందిలో సుమారు 57 మంది. ఏ తేడా లేకపోయినా 50 మంది ఉంటారు కదా. అందుకే ఒక్క మనిషి స్కాన్ చూసి ఏమీ చెప్పలేం.

స్కాన్‌రూమ్:
కొలతలోనే బోలెడు చిక్కులున్నాయి. మామూలు బ్రెయిన్ ఎమ్మారైలో స్లైసు మందం దాదాపు 5 మిల్లీమీటర్లు, దాంతో హిప్పోకాంపస్ ఘనపరిమాణం కొలవలేం. పరిశోధనకు 1 మిల్లీమీటరు టీ1 త్రీడీ స్కాన్ (మెదడు నిర్మాణాన్ని వివరంగా చూపే ఎమ్మారై) తీసి, పుర్రె లోపలి ఘనపరిమాణంతో సరిచేస్తారు. లేకపోతే తల చిన్నగా ఉన్నవాళ్లందరికీ జబ్బున్నట్టే వస్తుంది. స్కానర్ మోతకు, ఇరుకుకు బెదిరి రోగి కొద్దిగా కదిలినా గ్రే మ్యాటర్ (నాడీకణాలు ఎక్కువగా ఉండే మెదడు భాగం) ఉన్నదానికంటే తక్కువగా కొలతకొస్తుంది. వయసు, మద్యం, డిప్రెషన్ కూడా ఆ కొలతను మారుస్తాయి.

రిపోర్టులో 'నార్మల్' అని వస్తే బాధ అబద్ధమని ఇంట్లోవాళ్లు అనుకునే ప్రమాదముంది. దీన్ని కరపత్రంలో తప్పక రాయండి. తలకు దెబ్బ, ఫిట్స్, ఒకవైపు బలహీనత, కొత్తగా మతిమరుపు ఉంటే మాత్రం స్కాన్ అవసరం. 'హిప్పోకాంపల్ స్క్లెరోసిస్' (హిప్పోకాంపస్ కణాలు చచ్చి మచ్చకట్టడం) అని రాసుంటే అది వేరే సంగతి, ఫిట్స్ కోణంలో న్యూరాలజిస్టు చూడాలి.

వెన్నెల_సైక్:
నిర్ధారణకు స్కాన్ కాదు, మాట్లాడటమే ఆధారం. లక్షణాలు నెలకు మించి ఉండాలి. పీటీఎస్‌డీ లక్షణాల ప్రశ్నావళి పీసీఎల్-5లో 20 ప్రశ్నలు. 31–33 దాటితే వివరంగా పరీక్షించాలి తప్ప, ఆ మార్కే నిర్ధారణ కాదు.

మళ్లీ పెరుగుతుందా అంటే, 2003లో వెర్మెటెన్ బృందం పారోక్సెటిన్ అనే డిప్రెషన్ మందు 9–12 నెలలు వాడినవారిలో హిప్పోకాంపస్ 4.6 శాతం పెరిగిందని చూపింది. కానీ పోల్చడానికి ప్లసీబో (ఉత్తుత్తి మందు) తీసుకున్న గుంపు లేదు. 'మందుతో మెదడు పెరుగుతుంది' అని దయచేసి రాయొద్దు. పీడకలలు తగ్గడం, మానేసిన చోట్లకు మళ్లీ వెళ్లగలగడం, వీటితోనే చికిత్సను కొలవాలి. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ (భయపెట్టే జ్ఞాపకాలను, చోట్లను మెల్లగా ఎదుర్కొనే చికిత్స) అయితే వారానికోసారి 90 నిమిషాలు, 8–15 సార్లు. మొదటి వారాల్లో బాధ ఎక్కువైనట్టు అనిపించి మధ్యలో మానేస్తారు, అది ముందే చెప్పాలి. ఆల్ప్రజోలం లాంటి ఆందోళన తగ్గించే మందులు పీటీఎస్‌డీకి సిఫార్సులో లేవు. ఇప్పటికే వాడుతుంటే సొంతంగా ఆపొద్దు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416 కూడా వేయండి, తెలుగులో మాట్లాడొచ్చు.

శారద_కౌన్సెలింగ్:
చాలా సాయమైంది. మా ముసాయిదాలో, మెదడులో భయానికి స్పందించే భాగం గురించి 'అమిగ్డాలా పెద్దదవుతుంది' అని కూడా ఉంది. ఉంచాలా?

మూర్తి_న్యూరో:
తీసేయండి. భయం పుట్టించే బొమ్మలు చూపినప్పుడు అమిగ్డాలా ఎక్కువగా స్పందించడం, దాన్ని అదుపుచేసే ప్రీఫ్రంటల్ భాగం తక్కువగా పనిచేయడం చాలా ఎఫ్ఎమ్మారై (మెదడు పనితీరును చూపే స్కాన్) అధ్యయనాల్లో ఉంది. అది పనితీరు, పరిమాణం కాదు. ఆ 2018 లెక్కలో అమిగ్డాలా కొద్దిగా చిన్నదిగానే వచ్చింది, అదీ కఠినమైన గణాంక పరీక్షకు నిలవలేదు.