ఈ వారం సమస్య: కదలకుండ నెద్దు కాశి కేగె

ఇది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం. ముందు మూడు పాదాలు రాసి, వింతగా ఉన్న ఈ మాటకు అర్థం కుదర్చాలి, అదే పూరణ. పూరణలో ‘గానుగెద్దు’ జాతీయం తగిలితే మరీ సంతోషం.

పద్యప్రియ:
కంటి గంతఁ గట్టి గానుగన్ ద్రిప్పంగ
చుట్టు మీద చుట్టు చుట్టి చుట్టి
అడుగు లన్ని కూడి యామడ లైపోయె
కదలకుండ నెద్దు కాశి కేగె

నిర్వాహకుడు: కం–గా యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) సరిపోయింది. రెండో పాదం చదువుతుంటే నాకే తల తిరిగింది, అదే దాని బలం. అయితే ఒక లోటు ఉంది. గానుగెద్దు పొద్దస్తమానం కదులుతూనే ఉంటుంది కదా! కదలనిది అది ఉన్న చోటు. ఆ మాట పద్యంలో లేదు.

నువ్వులమూట: నూనె గానుగలో కాడి రోలుకు 8 అడుగుల దూరంలో ఉందనుకోండి. ఒక చుట్టు సుమారు 50 అడుగులు. 100 చుట్లు తిరిగితే దాదాపు ఒకటిన్నర కిలోమీటరు. రోజంతా తిరిగినా సాయంత్రానికి అదే రోలు, అదే రోకలి. ఇల్లు, ఆఫీసు, మళ్ళీ ఇల్లు అని తిరిగేవాళ్ళు ‘గానుగెద్దు బతుకైపోయింది’ అనేది అందుకే. కాలికి బలపం కట్టుకుని తిరగడం వేరు, అది ఊళ్ళన్నీ చుట్టేవాళ్ళ మాట. ఇక గంతలు కట్టేది ఎద్దుకు తల తిరగకుండా, చూపు పక్కకు పోకుండా.

నిర్వాహకుడు: ఈ తేడా చాలామంది మరిచిపోతున్నారు. దారి మారకపోవడమే గానుగెద్దుకు ప్రాణం.

శివపదం:
రాతి నంది బొమ్మ రైలులో పయనించి
గుడికి చేరె భక్త కోటి కొలువ
శిలకు నడక యేల? శివునాజ్ఞయే చాలు
కదలకుండ నెద్దు కాశి కేగె

నిర్వాహకుడు: సమస్య పూర్తిగా విడిపోయింది! రాతి ఎద్దు కదలదు, అయినా కాశికి చేరింది. గు–కో, రా–రై యతులు బాగున్నాయి. పూరణగా దీనికే నా ఓటు. జాతీయం మాత్రం ఇందులో లేదు.

పద్యప్రియ: మీరన్నది నిజమే. మూడో పాదం మార్చాను:
అడుగు లెన్నొ నడిచె నంగుళం బా చోటు
కదలకుండ నెద్దు కాశి కేగె

నిర్వాహకుడు: ‘అంగుళం బా చోటు కదలకుండ’! పాదం విరిచిన చోటే అర్థం తిరిగింది. ఆమడలు పోయినందుకు కాస్త బాధగా ఉంది, కానీ ఇదే ఉంచండి.