100 కేజీల స్క్వాట్ ఫెయిలైంది, ఎక్కడ తేడా కొడుతోంది?

సీమబార్‌బెల్:
హాయ్ అందరికీ. బార్ భుజాల మీద పెట్టుకుని గుంజీలా కూర్చుని లేచే స్క్వాట్‌లో 90 కేజీలు 5 రెప్స్ (వరసగా ఐదుసార్లు) వస్తున్నాయి కదా అని మొన్న 100 పెట్టా, కిందకి బానే వెళ్ళింది, లేచేటప్పుడు సగంలో ఆగిపోయి నడుం ముందుకి వంగిపోయింది, బార్ మెడ మీదకి జారుతుంటే పక్కనున్న ఇద్దరు వచ్చి లాగారు. దెబ్బలేం తగల్లేదు. వీడియో చూస్తే లేవడం మొదలవగానే పిరుదులు పైకొచ్చేస్తున్నాయి, ఛాతీ మాత్రం అక్కడే ఉండిపోతోంది. ట్రైనర్‌ని అడిగితే కాళ్ళలో బలం లేదు లెగ్ ప్రెస్ (కూర్చుని కాళ్ళతో బరువు నెట్టే మెషీన్) కొట్టు అన్నాడు. ఇప్పుడు 80 పెట్టినా కిందకెళ్ళాలంటే భయమేసి సగంలోంచే లేచిపోతున్నా. మామూలు రన్నింగ్ షూసే వేసుకుంటా, నడుముకి కట్టే లిఫ్టింగ్ బెల్ట్ లేదు. కొనమంటారా?

ఇనుపముక్క:
బెల్ట్ సంగతి తర్వాత తమ్ముడూ, అసలు ర్యాక్‌లో (బార్ పెట్టే స్టాండ్‌లో) సేఫ్టీ రాడ్లు, అదే బార్ పడితే ఆపే అడ్డ కడ్డీలు, పెట్టావా? పెట్టుంటే ఆ ఇద్దరితో పనే లేదు. ఖాళీ బార్‌తో పూర్తిగా కిందకెళ్ళి బార్ ఎక్కడిదాకా వస్తుందో చూసుకుని, దానికి కొంచెం కింద పెట్టుకో. తర్వాత ఓ 40 వేసి కావాలనే ఫెయిలవ్వు, బార్‌ని మెల్లగా రాడ్ల మీద దించేసి ముందుకి పాక్కుంటూ బయటికొచ్చెయ్. రెండు మూడుసార్లు చేస్తే సగం భయం అక్కడే పోద్ది. యూట్యూబ్‌లో చూసి బార్ వెనక్కి పడెయ్యకు, అది రబ్బరు బంపర్ ప్లేట్లున్నోళ్ళకి, మన జిమ్ముల్లో ఇనుప ప్లేట్లు, టైల్స్, వెనకాలే ఎవడో అద్దంలో సెల్ఫీ తీసుకుంటుంటాడు.

గుంజీళ్ళ_గురుడు:
90కి 5 వచ్చేవాడికి లెక్క ప్రకారం 100 ఒకటి రావాలి, కాబట్టి బలం లేదనే మాట నేనైతే నమ్మను. ఆ రోజు 100కి ముందు ఏం చేశావో చెప్పు.

సీమబార్‌బెల్:
ఎప్పట్లాగే 90 సెట్లు మూడు అయ్యాక పెట్టా అన్నా.

గుంజీళ్ళ_గురుడు:
దొరికింది 😀 అలిసిపోయిన కాళ్ళతో ఎవడికైనా అంతే. మ్యాక్స్ (ఒక్కసారికి ఎత్తగలిగే ఎక్కువ బరువు) చూడాలనుకున్న రోజు 60కి 5, 80కి 2, 90కి 1 చాలు, మధ్యలో బాగా రెస్ట్ తీసుకుని 100 ఎత్తు. ఇంక ఫామ్, అంటే చేసే తీరు. బరువు మునివేళ్ళ మీదకి వెళ్ళిపోతే పిరుదులు ముందు లేస్తాయి, అప్పుడు భారమంతా నడుం మీద పడుద్ది, బార్ పాదం మధ్యకి సరిగ్గా పైన ఉండాలి. రన్నింగ్ షూస్‌లో ఫోమ్ నొక్కుకుపోయి అక్కడే కాలు ఊగుతుంది, పల్చటి సోల్ షూస్ వేసుకో. ఇంట్లో ఉత్త కాళ్ళతో గొంతుక్కూర్చుని చూడు, మడమలు లేస్తుంటే చీలమండ బిగుసుకుపోయిందన్నమాట, అది సాగేదాకా తక్కువ బరువుల్లో మడమల కింద చిన్న ప్లేట్లు పెట్టుకో. కిందకెళ్ళే ముందు గాలి పొట్టలోకి పీల్చి, ఎవడో గుద్దబోతున్నట్టు పొట్ట బిగబట్టు, సగం పైకొచ్చేదాకా వదలకు. ఇవన్నీ 65 దగ్గర మొదలుపెట్టి, అడుగున రెండు సెకన్లు ఆగి లేస్తూ 3 రెప్స్ సెట్లు చెయ్యి. బాగుంటే వారానికి రెండున్నర కేజీలు పెంచు.

వరంగల్‌పవర్:
గురుడన్నా, ట్రైనర్ మాట మొత్తం తీసెయ్యకు. తొడల ముందు భాగం వీక్ ఉన్నా పిరుదులు గట్లనే లేస్తయ్. కాకపోతే లెగ్ ప్రెస్‌ల బ్యాలెన్స్ రాదు, నేనైతే ఫ్రంట్ స్క్వాట్ (బార్ మెడ ముందల భుజాల మీద పెట్టుకుని చేసేది) చెయ్యమంటా, అందుల ముందుకు వంగితే బార్ జారిపోతది, ఛాతీ నిలబెట్టుడు దానంతటదే అలవాటైతది.

సీమబార్‌బెల్:
ఇవ్వాళ వెళ్ళి చూస్తే మా ర్యాక్‌కి ఒకటే సేఫ్టీ రాడ్ ఉంది, రెండోది దేనికో ఊడదీశారంట. స్మిత్ మెషీన్‌లో చేసుకోమంటున్నారు.

ఇనుపముక్క:
స్మిత్‌లో బార్ పట్టాల మీద వెళ్తుంది, నీ తప్పు నీకు తెలీనే తెలీదు. రెండో రాడ్ వచ్చేదాకా 70 దాటకు, అదీ పక్కన మనిషిని పెట్టుకునే. ఈసారి వీడియో పక్క నుంచి, ఫోన్ నీ తుంటి ఎత్తులో పెట్టి తీసి ఇక్కడ పెట్టు, ముందు నుంచి తీస్తే మాకేం కనబడదు.