అప్‌డేట్: గీజర్ వేడెక్కగానే ఆర్‌సీసీబీ పడిపోయే సమస్య తీరింది

గీజర్ వేసిన కొన్ని నిమిషాలకే ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్) పడిపోయి ఇల్లంతా కరెంటు పోతోందని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. ఎలిమెంటును (నీటిని వేడిచేసే గొట్టాన్ని) మెగ్గర్‌తో, అంటే ఇన్సులేషన్‌ను కొలిచే మీటరుతో, పరీక్షింపజేయమన్న వారి మాటే నిజమైంది.

ఎలక్ట్రీషియన్ వైర్లు విడదీసి చూడగా, ఎలిమెంటుకూ ట్యాంకు బాడీకీ మధ్య ఇన్సులేషన్ దాదాపు సున్నాకు పడిపోయి ఉంది. బయటికి తీస్తే, మా బోరు నీటి ఉప్పు దళసరిగా గట్టిపడిన పెచ్చు కింద రాగి గొట్టం ఒకచోట సన్నగా చిట్లి కనిపించింది. ఆ చీలికలోంచి లోపలికి చేరిన తడి వల్ల కరెంటు ఎర్త్‌లోకి లీకవుతుంటే, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తన పని తాను చేసింది. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరుగుతూ కాపాడే, పక్కనుండే మెగ్నీషియం రాడ్డయితే పూర్తిగా కరిగిపోయి, నడిమి ఇనుప తీగ మాత్రమే మిగిలింది. ఎలిమెంటు, రాడ్డు, గాస్కెట్ మార్పించాక బ్రేకర్ మళ్ళీ పడలేదు.

కొందరు అనుమానించిన థర్మోస్టాట్‌కు (వేడిని అదుపు చేసే స్విచ్), 16 ఆంపియర్ల ప్లగ్గుకు దీనితో సంబంధం లేదు. ఎంసీబీని (కరెంటు మోతాదు మించితే పడే స్విచ్) పెద్దది వేయడమూ అనవసరమే, ఎందుకంటే 2 కిలోవాట్ల గీజర్ తీసుకునేది 9 ఆంపియర్ల లోపే. పైగా పడుతున్నది ఎంసీబీ కానే కాదు. ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలపమన్న సలహాను మాత్రం దయచేసి ఎవరూ పాటించవద్దు. బోరు నీళ్ళు వాడేవారు రాడ్డును ఏటా తీయించి చూడాలని ఎలక్ట్రీషియన్ చెప్పారు.