నా మాట మాత్రమే అవతలికి ముక్కలుగా వెళుతోంది: ఇంటి ఇంటర్నెట్ ఫోన్‌తో ఇబ్బంది

ప్రశ్న

నమస్కారం. మా ఇంట్లో మూడేళ్లుగా ఇంటర్నెట్ ఫోన్ వాడుతున్నాం. రూటర్‌కి కేబుల్‌తో ఒక చిన్న అడాప్టర్, దానికి మామూలు ఫోన్. రోజూ రాత్రి తొమ్మిదింటికి అమ్మతో మాట్లాడతాను. ఆవిడకి వినికిడి తక్కువ, సెల్‌ఫోన్‌లో మాట సరిగా అందదు. అందుకే మా ఇద్దరికీ ఈ ఫోనే ఆధారం.

పోయిన నెల రూటర్ మార్చాం. అప్పటినుంచి అమ్మ మాట నాకు స్పష్టంగానే వినిపిస్తోంది కానీ నా మాట ఆవిడకి తెగి తెగి చేరుతోంది. "మాటలు మింగేస్తున్నావేమిటే" అంటుంది. మొన్న ఒక మాత్ర గురించి "వేసుకోవద్దు" అన్నాను. చివర "వద్దు" పోయి "వేసుకో" అన్నట్టు వినిపించిందట. అదృష్టం, మళ్లీ అడిగింది. ఆ రాత్రి నుంచి నాకు ఒకటే టెన్షన్.

పొద్దున పూట చేస్తే ఏ ఇబ్బందీ లేదు. స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ 100, అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ వస్తోంది. ఒక్క ఫోన్ కాల్‌కి ఇది చాలదా?

ఇంకో విషయం. అమ్మ నాకు చేస్తే అరనిమిషానికి కాల్ కట్ అయిపోతోంది. నేను చేస్తే కట్ అవ్వదు. అప్పుడప్పుడు ఆవిడ గొంతు ఆవిడకే తిరిగి వినిపిస్తోందట కూడా. ఇవన్నీ ఒకటే సమస్యా, వేరు వేరా?

జవాబు 1

అప్‌లోడ్ 10 అంటే తక్కువేనండీ. పెద్ద ప్లాన్‌కి మారండి. మా ఇంట్లో మారాక తగ్గింది.

జవాబు 2

ప్లాన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరు చెప్పినవి మూడు వేరు వేరు సమస్యలు. నేను చాలాకాలంగా ఇలాంటి ఫోన్లు అమర్చి ఇస్తున్నాను, ఈ మూడూ ఒకే ఇంట్లో చాలాసార్లు చూశాను.

మందుల సంగతి ఉంది కాబట్టి మాట తెగడం ముందు చూద్దాం. అడాప్టర్ మీ గొంతును 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి సెకనుకు 50 ప్యాకెట్లు పంపుతుంది. మామూలుగా వాడే జీ.711 కోడెక్‌కి (అంటే గొంతును అంకెలుగా మార్చే పద్ధతికి) అన్నీ కలిపినా సెకనుకు దాదాపు 90 కిలోబిట్లు చాలు. మీ అప్‌లోడ్‌లో అది నూటికి ఒక వంతు కూడా కాదు. అంటే మీకు చోటు సరిపోకపోవడం కాదు, ప్యాకెట్లు వరసలో ఇరుక్కుపోవడం. ఇంట్లో ఎవరైనా పెద్ద ఫైల్ పైకి పంపుతుంటే రూటర్ గానీ దాని అవతలి మోడెం గానీ దాన్నంతా తన దగ్గర పోగేసుకుంటుంది, మీ మాట ఆ పోగు వెనకాల నిలబడుతుంది. వెబ్ పేజీ అర సెకను ఆలస్యంగా వచ్చినా మనకి తెలియదు. మాట అలా కాదు. అవతలి ఫోన్ కొద్దిసేపే ఆగి చూస్తుంది, గడువు దాటి వచ్చిన ముక్కను పారేస్తుంది. దాన్ని మళ్లీ పంపమని అడిగే ఏర్పాటూ లేదు. మీ "వద్దు" అలా పోయి ఉంటుంది. డౌన్‌లోడ్ దారి ఖాళీగా ఉంది కాబట్టే అమ్మగారి మాట మీకు చక్కగా వస్తోంది.

ఇది ఊహగా వదిలేయకండి, కొలిచి చూడండి. రాత్రి తొమ్మిదింటికి కంప్యూటర్‌ని కేబుల్‌తో రూటర్‌కి కలిపి ఏదైనా బయటి సర్వర్‌కి రెండు నిమిషాలు పింగ్ (చిన్న ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం కొలిచే ఆదేశం) పెట్టండి. పొద్దున కూడా అలాగే పెట్టి పోల్చండి. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ హాయిగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు. ఆలస్యం ఎంత అన్నదానికంటే అది ఎంత ఎగిరెగిరి పడుతోందో చూడండి, మాటను తెంచేది ఆ ఊగిసలాటే. స్పీడ్ టెస్ట్ అంకెల్లో ఇది సాధారణంగా బయటపడదు.

అరనిమిషానికి కట్ అయ్యేది రూటర్ సెట్టింగ్స్‌లోని సిప్ ఏఎల్‌జీ పని అని నా గట్టి అనుమానం. సిప్ అంటే ఇంటర్నెట్ ఫోన్లు కాల్ కలపడానికి, ముగించడానికి వాడే పద్ధతి; ఏఎల్‌జీ అంటే ఆ సందేశాల్లో జోక్యం చేసుకునే రూటర్ సదుపాయం. ఫోన్‌కి సాయం చేద్దామని అది కాల్ సందేశాల్లో చిరునామాలు మారుస్తుంది, ఎక్కువసార్లు తప్పుగా మారుస్తుంది. మీరు ఫోన్ ఎత్తగానే మీ అడాప్టర్ "ఎత్తాను" అని చెప్పి, "అందింది" అనే జవాబు కోసం చూస్తుంది. చిరునామా తప్పితే ఆ జవాబు మీ దాకా రాదు. 32 సెకన్లు చూసి అడాప్టరే కాల్ ముగిస్తుంది. సిప్ ప్రమాణంలోనే ఆ గడువు ఉంది. వచ్చిన కాల్సే కట్ అవడం దీనికి సరిపోతోంది. ఏఎల్‌జీ ఆపి, అడాప్టర్‌ని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి.

ఇక అమ్మగారి గొంతు ఆవిడకే వినిపిస్తోందంటే తప్పు మీ వైపు ఉంది. ఎకో వినేవాళ్ల దగ్గర కాదు, అవతలి చివర పుడుతుంది. మీరు స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నారా?

ప్రశ్న అడిగినవారు

అవునండీ, వంటచేస్తూ స్పీకర్‌లో పెడతాను!

మీరు చెప్పినట్టే కొలిచాను. పొద్దున పింగ్ 18 మిల్లీసెకన్ల దగ్గర కదలకుండా ఉంది. రాత్రి తొమ్మిది దాటగానే 400, 650, మళ్లీ 90, మళ్లీ 500. ఒక్కో ఫోన్‌కి వైఫై ఆపుతూ పోతే మా అబ్బాయి ఫోన్ దగ్గర పింగ్ 20కి పడిపోయింది. ఫోటోల బ్యాకప్ సరిగ్గా తొమ్మిదింటికి మొదలయ్యేలా ఉంది. ఏఎల్‌జీ కూడా ఆపాను. నిన్న అమ్మే ఫోన్ చేసింది, నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం, కట్ అవ్వలేదు.

బ్యాకప్‌ని తెల్లవారుజామున మూడింటికి మార్చాను. కానీ రేపు ఇంకెవరైనా వీడియో ఎక్కిస్తే మళ్లీ ఇంతేనా?

జవాబు 2

రూటర్‌లో ఎస్‌క్యూఎం (వరసలో పోగు పెరగకుండా చూసే సెట్టింగ్) ఉందేమో చూడండి. కొన్నింటిలో క్యూఓఎస్ (ఏ ప్యాకెట్లు ముందు వెళ్లాలో చెప్పే సెట్టింగ్) కిందే ఉంటుంది. అందులో కేక్ గానీ ఎఫ్‌క్యూ-కోడెల్ గానీ అనే వరస పద్ధతి కనిపిస్తే ఎంచుకుని, అప్‌లోడ్ పరిమితి 8.5 ఎంబీపీఎస్ అని ఇవ్వండి. అసలు వేగం కంటే కాస్త తక్కువ ఇవ్వడం ముఖ్యం. అప్పుడు పోగు బయట ఎక్కడో కాకుండా మీ రూటర్‌లోనే ఉంటుంది, అది మాట ప్యాకెట్లను ముందుకు వదులుతుంది. పెట్టాక కావాలనే ఒక పెద్ద వీడియో ఎక్కిస్తూ పింగ్ చూడండి.

ప్రశ్న అడిగినవారు

పెట్టాను. వీడియో ఎక్కుతుండగా పింగ్ 31 దాటలేదు. ఈ రాత్రి రిసీవర్ చెవి దగ్గర పెట్టుకునే మాట్లాడాను, ఎకో లేదట. "వేసుకోవద్దు" అని మూడుసార్లు చెప్పి, విన్నది తిరిగి చెప్పమన్నాను. మూడుసార్లూ పూర్తిగా చెప్పింది.