నాన్నగారి జీమెయిల్‌కి దొంగ మెయిళ్లు: ముందే ఏమేం సర్ది రావాలి?

బెజవాడ_అమ్మాయి అడిగింది:
నాన్నగారు రైల్వేలో రిటైరయ్యారు, 74 ఏళ్లు. అమ్మా ఆయనా విజయవాడలో, నేను పుణెలో. పెన్షన్ పడే అకౌంట్‌కే యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఉన్నాయి, ఎఫ్‌డీలూ అందులోనే. నవంబరు వస్తే చాలు (పెన్షనర్లు బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెల), "లైఫ్ సర్టిఫికెట్ అందలేదు, పెన్షన్ ఆగిపోతుంది, ఈ లింకు నొక్కండి" అని మెయిళ్లు. మిగతా రోజుల్లో కేవైసీ, ట్యాక్స్ రిఫండ్. "జాగ్రత్త నాన్నా" అని చెప్పడం కాకుండా, ఈసారి ఇంటికెళ్లినప్పుడు దగ్గరుండి మార్చి రావాల్సినవి చెప్పండి.

సిస్టమ్స్_మూర్తి:
ముందు జీమెయిల్. ఇది కంప్యూటర్లోనే చేయాలి, ఫోన్ యాప్‌లో ఫిల్టర్లు పెట్టడం కుదరదు. సెట్టింగ్స్‌లో "ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్" తెరిచి, "హాజ్ ద వర్డ్స్" గడిలో కేవైసీ, పెన్షన్, లైఫ్ సర్టిఫికెట్, రిఫండ్ అన్న మాటలు ఇంగ్లిష్‌లో రాయండి. మాటకీ మాటకీ మధ్య "ఓఆర్" (OR) ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. చిన్నవి రాస్తే ఫిల్టర్ పనిచేయదు. రెండు మాటలున్న దానికి కోట్స్ పెట్టండి. ఆ మెయిళ్లకు ఒక లేబుల్ తగిలించండి. లేబుల్ పేరు తెలుగులోనే పెట్టొచ్చు: "అమ్మాయిని అడిగాక నొక్కాలి". మెయిల్ తెరవగానే సబ్జెక్టు పక్కన ఆయనకు ఆ మాట కనిపిస్తుంది. అసలు బ్యాంకు మెయిళ్లకూ ఇదే లేబుల్ పడుతుంది, పడనివ్వండి.

పంపినవారి పేరు నమ్మొద్దు, దాని మీద నొక్కితే అసలు అడ్రస్ తెలుస్తుంది. దాన్ని కుడి చివర నుంచి చదవడం నేర్పండి. మధ్యలో "గవ్ డాట్ ఇన్" ఉండి, చివర "డాట్ కామ్" ఉంటే అది ప్రభుత్వానిది కాదు. బ్యాంకు సైట్లకైతే ఇంకో గుర్తు ఉంది: 2025 అక్టోబరు 31 లోపు చివర "బ్యాంక్ డాట్ ఇన్" ఉండే అడ్రస్‌కు మారాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది.

లైఫ్ సర్టిఫికెట్‌కు ఆధార్‌తో పాటు ముఖమో వేలిముద్రో కావాలి, లేదా బ్యాంకుకు వెళ్లి ఇవ్వాలి. పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి కూడా చేస్తాడు. మెయిల్లో లింకు నొక్కి ఓటీపీ చెబితే పూర్తయ్యే పద్ధతి లేదు. ఈ ఒక్క మాట నాన్నగారికి గట్టిగా చెప్పండి.

గోదారి_గట్టు:
మూర్తి గారు చెప్పినవన్నీ చేసినా ఏదో ఒకరోజు ఒక నొక్కు నొక్కేస్తారు. దాంతో అకౌంట్ మొత్తం ఖాళీ కాకుండా చూడటమే అసలు పని. పెన్షన్ అకౌంట్ నుంచి యూపీఐ తీసేయండి. వేరే బ్యాంకులో చిన్న అకౌంట్ తెరిచి, నెలనెలా ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు దానిలోకి వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. యూపీఐ దానికే. పెన్షన్ డెబిట్ కార్డుకు ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలు ఆఫ్ చేయండి.

ఎఫ్‌డీల సంగతి చాలామంది మరిచిపోతారు. నెట్ బ్యాంకింగ్‌లో కనిపించే ఎఫ్‌డీని దొంగ నిమిషాల్లో బ్రేక్ చేసి సేవింగ్స్‌లోకి మార్చి లాగేస్తాడు. చూడటానికి మాత్రమే హక్కు ఉంచి, లావాదేవీల హక్కు తీసేయమని బ్రాంచిలో రాసివ్వండి.

ఫోన్లో "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" కింద జీమెయిల్, క్రోమ్, వాట్సాప్, ఫైల్స్ అన్నిటికీ అనుమతి తీసేయండి. ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ బయట నుంచి ఎక్కించే యాప్) ఆ దారినే వస్తుంది, ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగి ఓటీపీలు పట్టుకుపోతుంది. ఎనీడెస్క్ లాంటివి, అంటే దూరం నుంచి ఇంకొకరు ఫోన్ చూసే యాప్‌లు, ఉంటే పీకేయండి.

బెజవాడ_అమ్మాయి:
చాలా థాంక్సండీ. ఆయన పాస్‌వర్డ్ నా దగ్గర పెట్టుకుంటే మేలా? ఒకవేళ నొక్కేశాక తెలిస్తే, మొదట ఏం చేయాలి?

కంప్లైంట్_డెస్క్:
పాస్‌వర్డ్ వద్దు. రికవరీ మెయిల్‌గా మీది పెట్టి, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో నిర్ధారణ అడగడం) ఆన్ చేయండి, చాలు.

నొక్కేశాక వరస ఇది. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. అమ్మగారి ఫోన్ నుంచి, కార్డు వెనకున్న నంబరుకు చేసి అకౌంట్ ఆపించాలి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి. డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కు దూకుతూ పోతుంది, దొంగ డ్రా చేసేలోపు ఫోన్ చేస్తేనే డబ్బుకు హోల్డ్ పడుతుంది, అంటే కదలకుండా ఆగుతుంది. ఎంత పోయింది, ఏ టైముకి, యూపీఐ అయితే 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ) నంబరు దగ్గర పెట్టుకోండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పూర్తి ఫిర్యాదు. రిజర్వ్ బ్యాంకు 2017 నిబంధనల ప్రకారం, ఓటీపీ మనమే ఇచ్చి ఉంటే బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మన నష్టమే, చెప్పాక పోయింది బ్యాంకుది. అందుకే కాల్ చేసిన టైము, కంప్లైంట్ నంబరు రాసి ఉంచండి. తిడతారన్న భయంతో పెద్దవాళ్లు సాయంత్రం దాకా దాచిపెడతారు, హోల్డ్ పడే అవకాశం అక్కడే పోతుంది. "ఎంత పోయినా ఏమీ అనను, ముందు నాకు చెప్పండి" అని ఇప్పుడే మాటివ్వండి.

ఏపీకే ఎక్కించి ఉంటే ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ చేయాల్సిందే. జీమెయిల్ పాస్‌వర్డ్ వేరే పరికరం నుంచి మార్చి, తెలియని పరికరాలన్నిటినీ సైన్ అవుట్ చేయండి. అక్కడితో ఆగొద్దు. ఫిల్టర్లు, ఫార్వార్డింగ్ కూడా తెరిచి చూడండి. బ్యాంకు మెయిళ్లు నేరుగా ట్రాష్‌లోకి వెళ్లేలా దొంగలు ఫిల్టర్ పెట్టి పోతారు, పాస్‌వర్డ్ మార్చినా అది అలాగే ఉంటుంది.

ఇంకొకటి, "పోయిన డబ్బు తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని తర్వాత వచ్చే ఫోన్లూ ఆ ముఠాలవే అయి ఉంటాయి.