రోజూ ఊరు దాటి పనికి వెళ్ళేవారి లెక్కలు మండలాలవారీగా ఎక్కడ దొరుకుతాయి?

నమస్కారం. మాది విజయనగరం. తెల్లవారకముందే క్యారేజీలు చేతపట్టుకుని విశాఖ వైపు రైళ్ళకోసం పరుగెత్తేవారిని, పైడిభీమవరం మందుల పరిశ్రమల బస్సులకోసం కూడళ్ళలో నిలబడేవారిని రోజూ చూస్తుంటాను. వీరు ఏయే మండలాల నుంచి వస్తున్నారో, పనిచేసేచోటికి మారకుండా సొంత ఊళ్ళోనే ఎందుకు ఉంటున్నారో అధ్యయనం చేయాలని నా కోరిక. అద్దెల భారం, కాస్త పొలం, ముసలి తల్లిదండ్రులు కారణాలని నా అభిప్రాయం, కానీ అభిప్రాయం ఆధారం కాదు కదా.

2011 జనగణనలో వ్యవసాయం, గృహ పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవారిని పని స్థలానికి గల దూరం, ప్రయాణ సాధనం అడిగారు గాని, ఏ ఊరికి వెళ్తున్నారో నమోదు చేయలేదు. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలు పునర్వ్యవస్థీకరించినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చింది, పార్వతీపురం మన్యం కొత్త జిల్లా అయింది, కాబట్టి పాత జిల్లా అంకెలను నేటి సరిహద్దులకు నేరుగా అన్వయించలేము.

రైల్వే సీజన్ టికెట్ల వివరాలు స్టేషన్లవారీగా పొందడానికి సమాచార హక్కు దరఖాస్తు ఎవరికి పెట్టాలి? ఆమదాలవలస, చీపురుపల్లి వైపు ఇలాంటి సర్వే చేసినవారుంటే, ప్రశ్నావళి ఎలా రూపొందించారో దయచేసి తెలియజేయగలరు.